ఈదలేని సాక్షులు

"తలుపుకి బయట గడియ పెట్టి ఉందన్నావు. ఎన్నింటికి చూశావమ్మా?"

"పదకొండూ ఇరవైకి సార్. ఇప్పటికి మూడుసార్లు చెప్పాను."

"నాలుగోసారి చెప్తే అరిగిపోదు. చెప్పు."

ఆ అమ్మాయి నీలం గౌను చేతితో కళ్ళు తుడుచుకుంది. పిల్లల్లేనివాళ్ళకు వైద్యం చేసే ఆ ఆసుపత్రిలో, అండాన్నీ వీర్యకణాన్నీ కలిపి పిండాలు తయారుచేసే ల్యాబుకు ఆమె జూనియర్. ఆమెకు పని నేర్పిన సీనియర్ ఈ ఉదయం రెండంతస్తుల కింద, ద్రవ నైట్రోజన్ ట్యాంకుల గదిలో నేలమీద పడి ఉండగా మొదట చూసింది ఆమే. మూసిన గదిలో నైట్రోజన్ నిండిపోతే పీల్చుకోవడానికి గాలి మిగలదు. ప్రమాదం వస్తే మోగాల్సిన మీటరు తీగ పీకేసి, తలుపుకి బయట గడియ పెట్టి, ఎవరో అతన్ని లోపల వదిలేసి పోయారు. ఇప్పుడతను ఎదురు వీధిలోని పెద్దాసుపత్రిలో గొట్టాల మధ్య పడి ఉన్నాడు. స్పృహ లేదు.

ప్రశ్నలడుగుతున్న పెద్దమనిషి ముప్ఫై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, రిటైరై, సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాడు. ఎదుటివాడు ఏడ్చినా మొత్తుకున్నా ముందు టైమే అడుగుతాడని తోటివాళ్ళు ఆయనకు గడియారం అని పేరు పెట్టారు. పెన్షన్ కాగితాల మీద తప్ప అసలు పేరు ఇంకెక్కడా మిగల్లేదు. అయితే ఇవాళ ఆ టైముల పిచ్చి వృత్తి అలవాటు కాదు, భయం. లోపల ఇంక్యుబేటర్లో ఉన్న అయిదు అండాలూ ఆయన మేనకోడలివి. తల్లి పోయాక ఆయన చేతుల్లోనే పెరిగిన పిల్ల.

వాటిని తొమ్మిదిన్నరకు తీశారు. ఆరు గంటల్లోపు, అంటే మూడున్నరలోపు, ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో ఎక్కించాలి. దాటితే పనికిరావు. పోయినసారి గడ్డకట్టించి దాచిన అండాలు కరిగించగానే పగిలిపోయాయి కాబట్టి ఆ దారీ మూసుకుపోయింది. ఆమెకు నలభై రెండేళ్ళు. ఇక తీయడానికి అండాలు ఉండవని ఆ ఆసుపత్రి నడిపే డాక్టరమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

గోడ మీద ఒంటిగంటా నలభై.

తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఒకప్పుడు ఆరేళ్ళు గడియారం కింద పనిచేసినవాడే. ఎక్కడ నేరం జరిగినా ముందు సీలు వేసి తర్వాత ఆలోచిస్తాడు. అందుకని అతనికీ ఒక పేరుంది, తాళం. ముఖాన ఎవరూ అనరు, గడియారం తప్ప.

"మీ ప్రశ్నలు అయ్యాయా సార్? రెండింటికి ల్యాబు సీలు చేస్తున్నాను."

"లోపల అయిదు అండాలున్నాయయ్యా, తాళం."

"అవతల ఒక మనిషి చావుబతుకుల్లో ఉన్నాడు సార్. నాకు ఆయన ముఖ్యం."

"నాకూ ముఖ్యమే. నా మేనకోడలి మొగుడే ఆయన్ని చంపబోయాడని ఎలా తేల్చావు?"

"పది యాభై అయిదుకి వరండాలో మీ అల్లుడు ఆయన మీద గొంతు చించుకుని అరిచాడు. విన్నవాళ్ళు నలుగురున్నారు. పదకొండూ ఇరవైకి ఆయన కింద పడున్నాడు. మధ్యలో ఏం జరిగిందో చెప్పడానికి డిటెక్టివ్‌లు అక్కర్లేదు. మీ అల్లుణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టాను. సాయంత్రానికి ఆయనే చెప్తాడు."

"మీటరు తీగ ఎన్నింటికి పీకారు?"

తాళం జేబులోంచి నోటుబుక్కు తీసి పేజీలు తిప్పాడు.

"పదకొండూ ఎనిమిదికి," అన్నాడు గడియారం. "ఆ మీటరు చూపించిన ఆఖరి అంకె కంప్యూటర్లో పడి ఉంది. నువ్వు చూళ్ళేదు. ఇదేమో రికవరీ గదిలో నర్సు రాసిన చార్టు. పదకొండింటి నుంచి పదకొండుంబావు దాకా నా అల్లుడు పెళ్ళాం మంచం దగ్గరే ఉన్నాడు. పదకొండూ పదికి ఇంజెక్షన్ ఇచ్చేముందు ఇదిగో సంతకం కూడా పెట్టాడు. ట్యాంకుల గది రెండంతస్తుల కింద. వాడికి రెక్కలేమన్నా మొలిచాయా?"

తాళం చార్టు లాక్కుని చూశాడు. ముఖం మాడ్చుకున్నాడు. "బంధువులు తెచ్చిన కాగితాలు కోర్టులో నిలబడవు. రెండున్నర దాకా ఆగుతాను. అది కూడా మీ మీద గౌరవంతో."

"నీ గౌరవం ఒక గంట తక్కువగా ఉంది."

"అంతకన్నా లేదు సార్."

ఆ మాటకు జూనియర్ బెదురుతూ తలెత్తింది. "గంట అక్కర్లేదు సార్. అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. మీ అల్లుడుగారి వీర్యకణాలు కూడా ఏరి పెట్టేశాం. నన్ను లోపలికి వదిలితే అరగంటలో ఎక్కించేస్తాను." నమ్మకం కుదరడానికన్నట్టు పొద్దుటి షీటు ఆయన ముందుకు జరిపింది.

ఆ షీటు జరపకపోతే ఈ కథ ఇక్కడితో మామూలుగా ముగిసేది. మేనకోడలు తొమ్మిది నెలలు మోసి బిడ్డను కనేది, అది ఎవరి బిడ్డో ఎవరికీ తెలిసేది కాదు.

గడియారం జేబులోంచి కళ్ళజోడు తీశాడు. ఆ ల్యాబులో ఏ శాంపిల్ ఒక డిష్‌లోంచి ఇంకో డిష్‌లోకి మారినా ఒకరు పేరూ నంబరూ పైకి చదవాలి, పక్కన ఇంకొకరు విని సాక్షి సంతకం చేయాలి. షీటులో అన్నీ వరసగా ఉన్నాయి. స్ట్రా, అంటే కణాలను గడ్డకట్టించి దాచిన సన్నటి ప్లాస్టిక్ గొట్టం, కరిగించింది పదీ అయిదుకి. చిప్ పద్ధతిలో ఏరింది పదింబావు నుంచి పదీ ముప్పావు దాకా. దొరికిన చురుకైన కణాలు: సమృద్ధిగా. సాక్షి సంతకం డాక్టరమ్మది.

"చిప్ అంటే ఏంటమ్మా? నాకు అర్థమయ్యేలా చెప్పు."

తెలిసిన సంగతి అడిగేసరికి ఆమె గొంతు తేలికపడింది. "అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక సార్. లోపల వెంట్రుకల్లాంటి సన్నటి కాలువలుంటాయి. ఒక చివర శాంపిల్ పోస్తాం. గట్టిగా ఈదగలిగినవి అరగంటలో రెండో చివరికి చేరతాయి. చచ్చినవీ, లోపల డీఎన్ఏ దెబ్బతిన్నవీ చాలావరకు వెనకే ఉండిపోతాయి. ఇలా ఏరిన కణంతో అయితే పిండం గట్టిగా ఎదిగే అవకాశం ఎక్కువని నమ్మకం. పాతరోజుల్లో గిర్రున తిప్పి ఏరేవాళ్ళు. ఇందులో ఆ దెబ్బలు కూడా తగలవు."

"అంటే ఈదలేనివి అవతలికి రావు."

"రావు సార్."

"మరి మా వాడివి ఈదవు కదమ్మా."

జూనియర్ షీటు వెనక్కి లాక్కోబోతే గడియారం దాని మీద చెయ్యి పెట్టాడు.

"రెండేళ్ళ కింద వాడికి క్యాన్సరొచ్చింది," అన్నాడు గడియారం, ఒక్కో మాటా నెమ్మదిగా. "వాడి వీర్యంలో కణాలే లేవు. మందులు మొదలుపెట్టేముందు వృషణంలోంచి చిన్న ముక్క కోసి, మీ సీనియరే ఒక పూటంతా కూర్చుని వెతికి, దొరికినవాటిని నాలుగు స్ట్రాల్లో దాచాడు. ఆ మందులతో వాడికింక పుట్టవు. ఉన్నవి ఆ నాలుగే. ఆరోజు మీ సీనియర్ నాతో అన్నమాట నాకింకా గుర్తుంది. ఇవి ఇంకా ఈత నేర్చుకోని పిల్లలండీ, కదల్లేదని చచ్చాయనుకోకండి అన్నాడు. ఆ పిల్లలు ఇవాళ అరగంటలో కాలువ దాటేసి సమృద్ధిగా గట్టెక్కాయా?"

జూనియర్ షీటులోని ఆ మాటకేసి చూసింది.

"రోజుకి పదిమందికి అదే రాస్తాను సార్," అంది. "అలవాటుగా రాసేశాను."

అబద్ధం రాయాల్సిన చోట అలవాటైన చెయ్యి నిజం రాసేసింది. ఆ పనిలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. ఇక దాచి లాభం లేదని తెలిసిపోయిందేమో, ఏడుస్తూనే అంతా కక్కేసింది. పదీ అయిదుకి అల్లుడి నంబరు రాసిన గొట్టం తెచ్చి చేతిలో పెట్టింది డాక్టరమ్మ. మైక్రోస్కోపు కింద చేపపిల్లల్లా పరిగెత్తే కణాలు చూసి ఈమెకు అనుమానం వచ్చింది. అడిగింది. "మూడుసార్లు ఓడిపోయినవాళ్ళు. ఈసారైనా మంచి విత్తనం వేద్దాం. బిడ్డ చేతికొచ్చాక ఎవరూ ఏమీ అడగరు" అని డాక్టరమ్మ భుజం తట్టింది. ఈమె నోరు మూసుకుంది. పదీ యాభైకి సీనియర్ షీటు చూశాడు. చూసినవాడు చూసినట్టే లేచి వరండాలోకి వెళ్ళి, ఇవాళ మీరు కొత్తగా శాంపిల్ ఏమైనా ఇచ్చారా అని అల్లుణ్ణి అడిగాడు. అల్లుడు అరిచింది అందుకు.

"నువ్వు పదకొండూ ఎనిమిదికి ఎక్కడున్నావు?"

"మైక్రోస్కోపు దగ్గర సార్. అండాల చుట్టూ ఉండే పొర తీస్తున్నాను. కెమెరాలో ఉంటుంది."

గడియారం చూశాడు. పదీ యాభై నుంచి పదకొండూ పద్దెనిమిది దాకా తెర మీద అండాలు, పక్కన ఆగకుండా కదిలే అంకెలు. అంత సన్నని పని మధ్యలో వదిలేసి మనిషి లేచిపోయే వీల్లేదు. ట్యాంకుల గది తాళంచెవులు మొత్తం మూడు. ఒకటి సీనియర్ జేబులో దొరికింది. ఒకటి ఈమెది. మూడోది డాక్టరమ్మది.

"విన్నావుగా, పోయి ఆవిణ్ణి పట్టుకో," అన్నాడు గడియారం.

తాళం అడ్డంగా తలూపాడు. "మంత్రుల కూతుళ్ళకి పురుళ్ళు పోసిన మనిషి సార్ ఆవిడ. ఈ పిల్ల ఏడుపు చూసి పట్టుకుంటే రేపు నా ఉద్యోగం ఊడుతుంది. కళ్ళకి కనపడే ఆధారం చూపించండి."

"కింద ట్యాంకులో ఉంది. పద."

ముగ్గురూ కిందికి దిగారు. ల్యాబు తలుపు దగ్గర కానిస్టేబుల్‌ని నిలబెట్టి, లోపల ఎవర్నీ ఉంచకుండా పోవడం ఎంత తెలివితక్కువ పనో గడియారానికి ఆ తర్వాత గంటలో తెలిసొచ్చింది.

ట్యాంకుల గదికి కిటికీల్లేవు. నడుమెత్తు అల్యూమినియం ట్యాంకులు ఆరు గోడ వారగా నిలబడి ఉన్నాయి. మోకాలెత్తున మీటరు, కింద వేలాడుతున్న దాని తీగ. తీగ తెగలేదు, ఎవరో తాపీగా ప్లగ్గు ఊడదీశారు. కొక్కేనికి మందపాటి చలి చేతిగ్లౌజులు వేలాడుతున్నాయి. గడియారం వాటిని తాకలేదు, వంగి వరసగా ట్యాంకుల మూతులు చూసుకుంటూ పోయాడు. అయిదింటి మూతులు పొడిగా ఉన్నాయి. నాలుగో ట్యాంకు మూత వంకరగా ఉంది, దాని మెడ చుట్టూ మంచు పేరుకుని ఉంది.

"ఇది మా అల్లుడిది ఉన్న ట్యాంకేనా?"

"అవును సార్."

"మీ సీనియర్ దీన్ని తెరిచాడు. పూర్తిగా మూసే వ్యవధి దొరకలేదు. ఏం చూశాడో మనమూ చూద్దాం. పైకి తీయమ్మా. నంబరు పైకి చదువు. ఏమయ్యా తాళం, సాక్షి సంతకం నువ్వు చెయ్యాలి."

జూనియర్ కళ్ళద్దాలు, వేరే గ్లౌజులు తొడుక్కుంది. మూత తీయగానే తెల్లటి పొగ నేలమీద పాకింది. పొడుగాటి కాడతో చిన్న గిన్నెను పైకి తెచ్చి, పట్టకారుతో ఒక పసుపు స్ట్రా ఎత్తి నంబరు చదివింది. అల్లుడిదే. రిజిస్టరు ప్రకారం ఒక్కటి కూడా మిగిలి ఉండకూడదు. మూడు స్ట్రాలు మూడుసార్లు చేసిన వైద్యంలో, నాలుగోది ఇవాళ పొద్దున ఖర్చయిపోయినట్టు రాసి, కింద డాక్టరమ్మ సంతకాలు కూడా ఉన్నాయి.

జూనియర్ ఇంకో స్ట్రా ఎత్తింది. అదే నంబరు. మూడోది. నాలుగోది.

"నాలుగూ ఉన్నాయి," అంది, తన గొంతు తనకే కొత్తగా వినపడినట్టు.

గడియారం గోడకి చేరగిలబడ్డాడు. మూడుసార్లు. ప్రతిసారీ మేనకోడలు కళ్ళల్లో ప్రాణాలు పెట్టుకుని ఎదురుచూసింది. మొదటిసారి పిండం అయిదో రోజుకే ఎదుగుదల ఆగిపోయింది. రెండోసారి అసలు నిలవలేదు. మూడోసారి మూడో నెల దాకా వచ్చి పోయింది. నావల్లే, నా కణాల్లోనే లోపం, నా పిండాలు బతకవు మావయ్యా అని అల్లుడు ఈయన భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. వాడి కణాలు ఒక్కసారి కూడా ట్యాంకు దాటి బయటికి రానేలేదు.

"లెక్క రాయడంలో పొరపాటేమో..." అన్నాడు తాళం. ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు. ఫోన్ తీశాడు. "స్టేషనా? ఆ అల్లుణ్ణి జీపెక్కించి ఇక్కడికి పంపండి. బేడీలొద్దు." తర్వాత గడియారం వైపు చూడకుండా, "మూడున్నర దాకా ల్యాబు మీది సార్. డాక్టరమ్మ గది దగ్గరికి మనిషిని పంపిస్తున్నాను," అన్నాడు.

జూనియర్ నాలుగు స్ట్రాలనూ నైట్రోజన్ నింపిన చిన్న ఫ్లాస్కులోకి మార్చింది. రెండూ నలభై.

మేనకోడలికి చెప్పక తప్పదు. రికవరీ గదిలో ఆమె దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది, చేతికి సెలైన్ సూది. గడియారం నేరస్తుల చేత నిజాలు చెప్పించినవాడే గానీ తను చెప్పడం ఎప్పుడూ సరిగ్గా చేతకాలేదు. నాలుగు ముక్కల్లో చెప్పేశాడు.

ఆమె సెలైన్ సూది ఉన్న చేతిని ఒళ్ళోకి తీసుకుంది.

"మూడో నెలలో పోయిందే, మావయ్యా. అది ఆయనది కాదా?"

"కాదు తల్లీ."

"నాదేగా?"

"నీదే."

"అయితే ఏడ్చింది వృథా పోలేదులే," అంది. "ఇప్పుడు ఆయనవి నిజంగా ఉన్నాయా?"

"నాలుగు. ఒకటి కూడా ముట్టుకోలేదు."

ఆమె సెలైన్ స్టాండు పట్టుకుని మంచం దిగింది. వద్దని నర్సు అన్న మాట చెవిన వేసుకోలేదు.

రెండూ యాభై అయిదుకి వాళ్ళు ల్యాబు ముందుకు వచ్చారు. "అండాలు ఎలా ఉన్నాయో చూశాకే స్ట్రా కరిగిస్తాను. ఒకసారి కరిగిస్తే మళ్ళీ దాచలేం," అని జూనియర్ లోపలికి వెళ్ళింది. గాజు తలుపు వెనక ఆమె ఇంక్యుబేటర్ తెరవడం, వంగి చూడటం, ఒక్కో అరా లాగడం కనిపించింది. మొదటి అర. రెండోది. మళ్ళీ మొదటిది.

ఆమె వెనక్కి తిరిగింది. "డిష్ లేదు సార్."

"ఏ డిష్?"

"అండాల డిష్. అవతలి డిష్ ఉంది, పొద్దున చిప్‌తో ఏరినది. అండాలు లేవు."

తాళం కానిస్టేబుల్ కాలరు పట్టుకున్నాడు. ఎవరూ లోపలికి పోలేదని వాడు ఒట్టు పెట్టుకున్నాడు. నిజమే చెప్పాడు. ల్యాబుకి తలుపొక్కటే, కానీ గోడలో రెండు పక్కలా చిన్న తలుపులున్న అడుగున్నర చదరం కిటికీ ఒకటుంది. అవతల ఆపరేషన్ థియేటర్లో అండాలు తీయగానే ఇవతలికి అందించడానికి పెట్టిన కిటికీ. చేయి పెడితే ఇంక్యుబేటర్ అందుతుంది. సీలు వేయడంలో ఇంత పేరున్న మనిషి దాన్ని చూడనేలేదు. గడియారం కూడా చూడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

గోడ ఫోన్ మోగింది. జూనియర్ స్పీకరు నొక్కింది.

"భయపడకండి," అంది డాక్టరమ్మ గొంతు, రోజూ పేషెంట్లతో మాట్లాడినంత మృదువుగా. "అండాలు వెచ్చటి పెట్టెలోనే ఉన్నాయి. ముప్ఫై ఏడు డిగ్రీలు. ఫ్లాస్కు మీ దగ్గరుందని నాకు తెలుసు. దాన్ని కిటికీలో పెట్టండి, అండాలు మీకిచ్చేస్తాను."

"ఎందుకు?" అన్నాడు గడియారం.

"ఆ నాలుగు స్ట్రాలూ లేకపోతే నా మీద చెప్పడానికి ఒక పిల్ల ఏడుపు తప్ప ఏమీ మిగలదు. మీ కోడలికి నేను చెడు చేయలేదండీ. ఆ కదలని కణాలతో ఎన్నిసార్లు చేసినా పిండం నిలవదు. ఆవిడ వయసు అయిపోతోంది. అమ్మా, నువ్వు కూడా వింటున్నావని తెలుసు. నీకు బిడ్డ కావాలా, నిజం కావాలా? అవతలి డిష్ సిద్ధంగా ఉంది."

"సీనియర్‌ని చంపబోయింది కూడా బిడ్డ కోసమేనా?" అన్నాడు తాళం.

ఫోన్లో ప్లాస్టిక్ మూత తెరిచిన చప్పుడైంది. "ముప్ఫై ఆరు," అంది డాక్టరమ్మ.

జూనియర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "చల్లబడితే లోపల పాడైపోతాయి సార్. పైకేమీ తెలీదు."

ఫ్లాస్కు ఇస్తే అల్లుడివి పోతాయి. ఇవ్వకపోతే కోడలివి పోతాయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి కూడలి ఎప్పుడూ రాలేదు గడియారానికి. ఆయన తాళాన్ని పక్కకి లాగి చెవిలో అన్నాడు: "థియేటర్ తలుపు దగ్గరికి పో. అండాలు మన చేతికొచ్చినా లోపలికి దూకొద్దు. ఆ ఫ్లాస్కు ఆవిడ చేతిలో ఉన్నంతసేపూ మాటల్లో పెట్టు. నేనొచ్చేదాకా తలుపు ముట్టుకోకు. అర్థమైందా?"

"నాకు చెప్పాలా సార్," అంటూ తాళం పరిగెత్తాడు.

"ముప్ఫై అయిదు."

కోడలు జూనియర్ చేతిలోంచి ఫ్లాస్కు తీసుకుంది. ఎవర్నీ అడగలేదు. తనే కిటికీ తెరిచి లోపల పెట్టి మూసింది. ఎర్రదీపం వెలిగింది. అవతలి తలుపు తెరుచుకున్నట్టు గుర్తు. కోడలు సెలైన్ స్టాండుని రెండు చేతులతో పట్టుకుని ఆ దీపాన్నే చూస్తూ నిలబడింది. గడియారం ఆమె వెనక నిలబడ్డాడు, పడిపోతే పట్టుకోవాలని.

దీపం పచ్చగా మారింది. కిటికీలో పెట్టె ఉంది. డాక్టరమ్మ మాట తప్పలేదు. జూనియర్ డిష్ తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. "అయిదూ ఉన్నాయి!" అని అరిచింది.

అదే క్షణంలో అవతలి పక్క తలుపు ఫెళ్ళున విరిగిన చప్పుడు, ఏదో లోహం నేలమీద దొర్లిన చప్పుడు, బూట్ల చప్పుడు.

"పట్టుకున్నాను సార్! పట్టేశాను!" అని తాళం కేక.

గడియారం కిటికీలోంచి చూశాడు. థియేటర్ నేలంతా తెల్లటి పొగ. అందులో పడిపోయిన ఫ్లాస్కు. డాక్టరమ్మ రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకుని ఆయన పాత శిష్యుడు ఫోటోకి నిలబడ్డట్టు నిలబడ్డాడు. బూటు కింద పసుపు ముక్కలు.

"కదలకు!" అని గడియారం అరిచిన అరుపుకి తాళం నిజంగానే కొయ్యబారిపోయాడు. "కొంప ముంచావు కదరా! నీ కాళ్ళ కింద చూడు. మెల్లిగా. ఏమన్నా మిగిలాయా?"

"గాల్లో కరిగినా ఫర్వాలేదు సార్!" జూనియర్ మైక్రోస్కోపు వదల్లేదు. "పగలకుండా ఉంటే చాలు. వెంటనే కావాలి."

ఇన్‌స్పెక్టరు తాళం డాక్టరమ్మని కానిస్టేబుల్‌కి అప్పగించి మోకాళ్ళ మీద పడ్డాడు. ఒకటి నలిగిపోయింది. రెండోదీ అంతే. మూడోది మధ్యకి విరిగింది. బల్ల కాలి కింద వేళ్ళు దూర్చి నాలుగోదాన్ని లాగాడు. మంచు కరిగి తడిగా ఉంది, కానీ నిలువునా ఉంది. దాన్ని కిటికీలోంచి అందించాడు. క్షమించమని అడిగాడో ఏమో, ఎవరూ వినిపించుకోలేదు.

మూడూ పదిహేడు.

జూనియర్ దాన్ని తుడిచి, కత్తిరించి, చుక్కగా డిష్‌లో పోసింది. నంబరు పైకి చదివింది. కోడలు విని సాక్షి సంతకం పెట్టింది. తెర మీద వందలకొద్దీ కణాలు, ఎండిన గడ్డిపోచల్లా. ఒక్కటీ కదల్లేదు.

"చచ్చిపోయాయా?" అన్నాడు గడియారం.

"కదలకపోతే చచ్చినట్టు కాదు సార్. వీటికి వేరే పరీక్షుంది. ఉప్పు తక్కువున్న ద్రవంలో ఒక్కోదాన్నీ ముంచుతాను. బతికున్నదైతే నీళ్ళు పీల్చి ఉబ్బి, తోక ముడుచుకుంటుంది. చచ్చినది అలాగే ఉంటుంది." సన్నటి గాజు సూదితో ఒకదాన్ని ఎత్తి ముంచింది. అలాగే ఉంది. ఇంకోటి. అలాగే ఉంది. మూడూ ఇరవై. మూడూ ఇరవై రెండు. జీపు దిగి వరండాలోకి పరిగెత్తుకొచ్చిన అల్లుడు గాజు తలుపు అవతల నిలబడి ఊపిరి ఆడక చూస్తున్నాడు. ఎవరూ అతనికి ఏమీ చెప్పలేదు. చెప్పే ఓపిక ఎవరికీ లేదు.

మూడూ ఇరవై అయిదుకి ఒక తోక చివర సన్నగా ముడుచుకుంది.

"ఒకటి," అంది జూనియర్. ఇంకా వెతికింది. తర్వాత వెతకడం మానేసింది. "ఒక్కటే సార్. ఇక టైము లేదు. అయిదు అండాల్లో దేంట్లో పెట్టమంటారు? చలి దేనికి తగిలిందో చూస్తే తెలీదు. నేను ఎంచలేను."

గడియారం కోడలి వైపు చూశాడు. ఆమె తెర దగ్గరికి వచ్చింది. అయిదు గుండ్రటి అండాలనూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ఒకదాని మీద వేలు పెట్టింది.

"దీంట్లో పెట్టమ్మా."

ఎందుకని ఎవరూ అడగలేదు. జూనియర్ ఊపిరి బిగబట్టి సూదిని తోసింది. పొర తెగితేనే కణం లోపల దిగుతుంది. అండం పొర లోపలికి వంగింది. ఇంకా వంగింది. సూది మధ్యదాకా వెళ్ళింది, అయినా పొర తెగలేదు, లోపలికి వంగుతూనే ఉంది.